కిక్రి నుంచి సెల్‌ఫోన్ దాకా
(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రసార సాధనాల గురించి మాట్లాడమన్నారు. పుస్తకాల్లో ఈ చరిత్ర అచ్చుయంత్రంతో మొదలవుతుంది. ఆదిలాబాద్ గోండులమైన మనకు అది కిక్రితో మొదలవుతుంది. పర్ధాన్ కిక్రి పట్టుకుని కూర్చున్నాడంటే మన సగాలు ఎలా ఏర్పడ్డాయి, పెన్ ఎక్కడి నుంచి వచ్చింది, పహండి కుపార్ లింగో ఏం చెప్పాడు, ఇవన్నీ రాత్రంతా సాగేవి. చాలామంది పర్ధానులు ఇంట్లో మరాఠీ మాట్లాడినా కథ గోండిలోనే పాడేవారు. అది ఊరికే దొరికేది కాదు. విన్నవాళ్ళు పర్ధాన్‌కు ఇవ్వాల్సింది ఇవ్వాలి. ఏ ఇంటికి ఏ పర్ధాన్ అన్నది తరాలుగా తెలిసిన సంగతి. ఎవరి కథో, ఎవరు పాడారో తెలియకుండా ఒక్క మాట కూడా చెవిన పడేది కాదు.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాక నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్‌ను మన కొండలకు పంపింది. 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది, దేవనాగరి లిపిలో గోండి వాచకాలు వచ్చాయి. ఆయన తీసిన ఫోటోలు, ఫిల్ములు ఇప్పుడు లండన్‌లోని సోయాస్‌లో ఉన్నాయి. ఆయనంటే మనకు గౌరవమే. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ సమాధి మార్లవాయిలోనే ఉంది. అయినా మన తాతల ముఖాలు చూడాలంటే సముద్రాల అవతల వెతకాల్సి రావడం మాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

1986లో ఆదిలాబాద్‌కు ఆకాశవాణి కేంద్రం వచ్చింది. బస్సులో గోండి మాట్లాడాల్సి వస్తే గొంతు తగ్గించే వయసు మాది. అదే గోండి రేడియోలో వినిపిస్తే మా ఇళ్ళల్లో సౌండు పెంచారు. అంతకంటే పెద్ద చదువు ఆ రోజుల్లో మాకు ఏ బడీ చెప్పలేదు.

తర్వాత టేప్‌రికార్డర్. సినిమా పాటల క్యాసెట్ మూలల్లోని రంధ్రాలకు కాగితం అంటించి దానిమీదే పర్ధాన్ కథ రికార్డు చేసేవాళ్ళం. ఒక వైపు అరగంట. కథేమో తెల్లవారే దాకా. టేపు తిప్పేలోగా పోయిన మాటలు పోయినట్టే. మధ్యలో కుక్క మొరుగుతుంది, తాత దగ్గుతాడు, చుట్ట అడుగుతాడు. ఇప్పుడు వింటుంటే అవే ముందు చెవిన పడతాయి.

ఇక మీ కాలం. గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ఛత్తీస్‌గఢ్ వైపు గోండులు 2010 నుంచే సీజీనెట్ స్వర ద్వారా మామూలు ఫోన్‌లో తమ ఊరి కబురు తామే చెప్పుకున్నారు. మీ జేబులో ఉన్న ఫోన్‌కు టేపు తిప్పే పని లేదు, రాత్రంతా పట్టుకోగలదు. కానీ దండారి రోజుల్లో మాకు వచ్చే వీడియోలు అర నిమిషానివి. గుస్సాడీ నెమలి ఈకల టోపీ కనబడుతుంది, వెనక సినిమా పాట వినబడుతుంది. ఏ ఊరి దండారి? పెప్రే ఊదిందెవరు? ఎక్కడా ఉండదు. ఎవరో బయటివాళ్ళు దాన్నే ఎత్తుకుని ‘ట్రైబల్ డాన్స్’ అని పెడతారు. లక్షల మంది చూస్తారు. ఊదినవాడికి మాత్రం ఆ సంగతే తెలియదు.

తీయవద్దని మేము అనడం లేదు. తీసే ముందు అడగండి. పాడినవారి పేరు, ఊరు, సగా వాళ్ళ నోటితోనే గోండిలో చెప్పించండి, ఆ తర్వాతే పాట. పాట అయ్యేదాకా ఆపకండి. కొన్ని పూజలు చూపించరాదని పెద్దలు అంటే అక్కడితో ఫోన్ జేబులో పెట్టండి.

మా దగ్గర పదకొండు క్యాసెట్లు మిగిలాయి. ఇల్లు కురిసి నాలుగింటి చీటీలు ఊడిపోయాయి. ఆ గొంతులు ఎవరివో గుర్తుపట్టగలిగినవాళ్ళు ఊళ్ళో ఇద్దరున్నారు, ఇద్దరికీ డెబ్బై దాటాయి. క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించడం తెలిసిన పిల్లలు ఈ రోజు భోజనాల దగ్గర మమ్మల్ని కలవండి.