చార్మినార్ రూపాయి: అసలుదేనా?

కోఠిలోనో, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదనో నిజాం కాలపు చార్మినార్ వెండి రూపాయి కనబడితే వెంటనే బేరం ఆడకండి. భూతద్దం పెట్టి చార్మినార్ నడిమి ద్వారంలోకి చూడండి. అక్కడ చిన్న ఉర్దూ అక్షరం ఉంటుంది. ‘మీమ్’ అయితే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది. ‘ఐన్’ అయితే 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్‌ది. నాణెం మీది ఏడాది హిజ్రీ లెక్క. హిజ్రీ 1329 అంటే మన 1911. ‘మీమ్’ పక్కన 1340 కనిపిస్తే అది నకిలీయే.

తర్వాత తూకం వేయించండి. అసలుది 11.18 గ్రాములు, అరిగితే కాస్త తగ్గుతుంది. అంచున అతుకు గీత, ఒంటి మీద సన్నటి గుంటలు ఉంటే అది పోత పోసిన నకిలీ అని అనుమానించండి. అసలుదే దొరికితే చింతపండుతో తోమకండి. నాణెం మీద పట్టిన నల్లదనం దాని వయసుకు సాక్ష్యం.