నీట మునిగిన కారు – న్యాయమైన పరిహారము

మూసీకి చేరువనున్న కోఠివాసులు 1908 నాటి వరదను గూర్చి పెద్దల నోట వినియున్నారు. 2020 అక్టోబరు 13వ తేదీ కుంభవృష్టిలో హైదరాబాదు వీధులు వాగులై, కార్లు కొట్టుకొనిపోవుటను కన్నులారా చూచినారు. అట్లు పాడైన కారుకు బీమా సంస్థ ఎంత చెల్లింపవలెను?

థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉన్నచో స్వంతకారుకు ఏమియు రాదు. సమగ్ర పాలసీలో ‘ఐ.డి.వి.’ అను విలువ వ్రాసియుండును. మరమ్మతు ఖర్చు అందులో 75 శాతమును మించినచో కారు పూర్తిగా నష్టమైనట్లే లెక్క. విలువ 4 లక్షలనుకొందము. అంచనా 3 లక్షలు దాటినచో, పాలసీలోని మినహాయింపు పోను 4 లక్షలకు మీరు హక్కుదారులు. పాలసీకాలములో కారు పాతబడినదని ఆ అంకెను తగ్గింపరాదు. ప్రీమియము కలిసివచ్చునని మొదటనే విలువ తక్కువ వ్రాయించుకొన్నచో, ఆపదనాడు చేతికి వచ్చునదియు తక్కువే.

మునిగిన కారును స్టార్టు చేయవలదు. అందువలన ఇంజను చెడినచో సంస్థ ఆ నష్టమును కాదనవచ్చును. ఫొటోలు తీసి, వెంటనే సంస్థకు తెలిపి, సర్వేయరు నివేదిక ప్రతిని అడిగి తీసుకొనుడు. తక్కువ మొత్తము చూపినచో, పూర్తి పరిష్కారమని సంతకము చేయక, ఆక్షేపణ వ్రాసి పంపుడు. నెలలో జవాబు రాకున్నను, వచ్చినది తృప్తికరము కాకున్నను, నగరముననే ఉన్న బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోగా ఫిర్యాదు చేయవచ్చును. రుసుము లేదు, వకీలు అక్కరలేదు.

పాలసీ కాగితమును బీరువాలో దాచుటకు ముందు ఆ అంకెను ఒక్కసారి చదువుకొనుడు.