ఆడపిల్ల చెవికీ అదే శ్రద్ధ
(వార్షిక సర్వసభ్య సమావేశంలో వైద్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)





ఏటా ఈ సభలో కంటి ఆపరేషన్ల గురించి, మందుల ఖర్చుల గురించి, పేద పిల్లల ఫీజుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి మేము ఎంచుకున్న విషయం చూడటానికి చాలా చిన్నది. చెవులు కుట్టడం, ముక్కు కుట్టడం. ఇందులో చెప్పడానికి ఏముంటుందని కొందరికి అనిపించవచ్చు. దయచేసి కాసేపు వినండి.

ఒకప్పుడు మన ఊళ్ళల్లో మగపిల్లలకు ఒడుగులు ఇంటి వసారాలోనే జరిగేవి. హజ్జాం వచ్చేవాడు, ఒకే కత్తితో వీధిలోని పిల్లలందరికీ చేసి వెళ్ళేవాడు. ఈ రోజు ఆ పద్ధతి చాలావరకు పోయింది. వేసవి సెలవుల్లో సంస్థలు ఉచిత ఖత్నా శిబిరాలు పెడుతున్నాయి. సర్జన్ ఉంటారు, మత్తు ఇంజెక్షన్ ఉంటుంది, ఒక్కో పిల్లవాడికి విడిగా శుభ్రం చేసిన పరికరాలు ఉంటాయి. ఈ మార్పు మీలాంటి దాతల వల్లనే వచ్చింది. కానీ అదే ఇంట్లోని ఆడపిల్ల చెవుల దగ్గరికి ఆ మార్పు ఇంకా రాలేదు. తమ్ముడిని ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం, అక్కను మాత్రం సంతకు తీసుకెళ్తున్నాం. అక్క చర్మంలోకి దిగేదీ సూదే, ఆమె ఒంట్లో పారేదీ రక్తమే.

సూది ఎవరిది, ఎక్కడి నుంచి వచ్చింది?

మన దాదీమాలు, నానీమాలు చెవి అంచు పొడవునా వరుసగా రంధ్రాలు కుట్టించుకుని బాలీలు పెట్టుకునేవారు. నమ్మకమైన కంసాలి బంగారు తీగను సాగదీసి, మొన చేసి, దాంతోనే కుట్టి, అదే తీగను వలయంలా మెలిపెట్టి వదిలేవాడు. ఆ తీగ ఆ పిల్లదే, ఆ తర్వాత ఇంకొకరి చెవిలోకి వెళ్ళదు. మరే శుభ్రత లేకపోయినా ఆ ఒక్క సంగతి మాత్రం మంచిదే.

ఇప్పుడు కుట్టేవారు మారారు. సంతల్లో, ఉర్సుల దగ్గర ఒకే సూదిని స్పిరిట్ గుడ్డతో తుడిచి, లేదా కొవ్వొత్తి మంటలో క్షణం చూపించి, పిల్ల తర్వాత పిల్లకు కుట్టేస్తున్నారు. ఫ్యాన్సీ షాపుల్లో గన్ను వచ్చింది. తుడిస్తే మరక పోతుంది, మంటలో చూపిస్తే మసి అంటుకుంటుంది. ఈ రెండింటినీ నమ్ముకుని ఒకరి రక్తం అంటిన సూదిని ఇంకొకరికి వాడటానికి వీల్లేదు. ఆస్పత్రిలో ఆటోక్లేవ్ అనే యంత్రం ఉంటుంది. మన ప్రెషర్ కుక్కర్ లాంటిదే. ఒత్తిడితో కూడిన ఆవిరిలో 121 డిగ్రీల సెల్సియస్ వేడి దగ్గర కనీసం 15 నిమిషాలు ఉంచితేనే లోహపు పరికరం పూర్తిగా క్రిమిరహితమైనట్టు లెక్క. సూది విషయంలో అంత శ్రమ కూడా అక్కర్లేదు. సీలు ఉన్న కొత్త సూది తీయాలి, ఒక్కరికి వాడాలి, పారేయాలి.

ఎందుకింత పట్టుబడుతున్నామంటే, హెపటైటిస్ బి వైరస్ ఎండిపోయిన రక్తపు మరకలో కూడా కనీసం 7 రోజులు బతికి ఉండగలదు. కంటికి కనిపించనంత రక్తం చాలు. పెద్దవారికి సోకితే చాలామందిలో శరీరమే దాన్ని వదిలించుకుంటుంది, 100 మందిలో 5 మంది కంటే తక్కువ మందికే అది దీర్ఘకాలిక వ్యాధిగా మిగులుతుంది. అదే ఏడాది లోపు పసిపాపకు సోకితే 10 మందిలో 9 మందికి జీవితాంతం కాలేయంలో ఉండిపోయే ప్రమాదం ఉంది. చెవులు కుట్టించేది ఎక్కువగా ఆ వయసులోనే కదా! హెపటైటిస్ సి, హెచ్‌ఐవీ కూడా ఇదే దారిలో రాగలవు. హెపటైటిస్ సికి ఈనాటికీ టీకా లేదు.

2009లో గుజరాత్‌లోని మొడాసా ప్రాంతంలో హెపటైటిస్ బి చెలరేగి పదుల మంది ప్రాణాలు పోయాయి. వాడిన సిరంజిలు, సూదులే మళ్ళీ వాడటం దానికి మూలమని తేలింది. అవి ఇంజెక్షన్ సూదులు, చెవి కుట్టే సూదులు కావు. కానీ రక్తంలో ఉండే వైరస్‌కు ఆ తేడా తెలియదు.

చెవి తమ్మె వేరు, పైభాగం వేరు

చెవి కింది భాగం, అంటే తమ్మె, మెత్తటి కండ. రక్తం బాగా అందుతుంది కాబట్టి గాయం 6 నుంచి 8 వారాల్లో మానుతుంది. పైభాగం అలా కాదు. అక్కడ మృదులాస్థి ఉంటుంది. దానికి సొంత రక్తనాళాలు లేవు, పైనున్న పలచటి పొర నుంచే పోషణ అందుకుంటుంది. ఆ పొర కింద చీము పడితే మృదులాస్థికి తిండి అందక కరిగిపోతుంది. అప్పుడు చెవి ముడుచుకుపోయి ఆకారం కోల్పోతుంది. ఎన్ని మందులు వాడినా పాత ఆకారం తిరిగి రాదు.

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో 2000 సంవత్సరంలో ఒక నగల దుకాణంలో చెవి పైభాగం కుట్టించుకున్న వారిలో 7 మందికి సూడోమోనాస్ అనే క్రిమి సోకినట్టు నిర్ధారణ అయింది. కొందరికి ఆపరేషన్లు చేయాల్సి వచ్చింది, చెవుల ఆకారం చెడింది. ఆ క్రిమి దొరికిన చోటు వింటే ఆశ్చర్యపోతారు. కుట్టే ముందు శుభ్రతకని చల్లే మందు సీసాలోనే అది పెరిగింది. అంతటి దేశంలో అలా జరిగితే, మన బజారులో నెలల తరబడి మూత తీసి పెట్టిన సీసా సంగతి ఊహించుకోండి.

గన్ను విషయం కూడా చెప్పాలి. గన్నులో చాలా భాగాలు ప్లాస్టిక్‌వి. ఆటోక్లేవ్‌లో పెడితే కరిగిపోతాయి కాబట్టి పైపైన తుడవడం తప్ప దారి లేదు. పైగా అది మొద్దు కమ్మను బలంగా దూర్చుతుంది. తమ్మె ఓర్చుకుంటుందేమో గాని, మృదులాస్థి నలిగిపోతుంది. కాలేజీ అమ్మాయిలు సరదాపడి చెవి పైభాగం కుట్టించుకోవడం ఇప్పుడు ఎక్కువైంది. వద్దని మేము అనడం లేదు. గన్నుతో మాత్రం వద్దు అంటున్నాం. కుట్టించుకోదలిస్తే డాక్టరు దగ్గర, సూదితో చేయించుకోండి.

కమ్మ ఏ లోహం?

పేద ఇళ్ళల్లో బంగారం కొనలేక తొలి కమ్మగా రోల్డ్ గోల్డ్ పెడుతున్నారు. ఆ పూత కింద చాలాసార్లు నికెల్ ఉంటుంది. మానని గాయానికి నికెల్ తగిలితే కొందరిలో అలర్జీ మొదలవుతుంది. ఒకసారి వస్తే అది సాధారణంగా జీవితాంతం ఉంటుంది. ఆ తర్వాత గడియారం బకిల్ తగిలినా, హిజాబ్ పిన్ను తగిలినా దురద, నీటి పొక్కులు. ఐరోపా దేశాల్లో కొత్త రంధ్రంలో పెట్టే నగలోంచి ఎంత నికెల్ బయటికి రావచ్చో చట్టమే పరిమితి పెట్టింది. మనకు తేలికైన దారి ఒకటుంది. 916 హాల్‌మార్క్ ఉన్న 22 క్యారెట్ల సాదా కమ్మ, రాయి లేనిది, తేలికైనది. లేదా సీలు ప్యాకెట్‌లో వచ్చే వైద్య ప్రమాణాల టైటానియం కమ్మ.

మా దగ్గర ఎలా చేస్తున్నాం

మన డిస్పెన్సరీలో ఈ పని ఎలా జరగాలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ముందు టీకాల కార్డు చూస్తాం. 6, 10, 14 వారాల్లో వేసే పెంటావాలెంట్ టీకా మూడు డోసులూ పూర్తయ్యాకే పసిపాపకు కుడతాం. అందులో ధనుర్వాతానికి, హెపటైటిస్ బికి రెండింటికీ రక్షణ ఉంది. హెపటైటిస్ బి టీకా దేశమంతటా 2011 నుంచే అందుతోంది. అంతకు ముందు పుట్టిన అమ్మాయిలకు వేశారో లేదో అడిగి తెలుసుకుంటాం. కుటుంబంలో ఎవరికైనా గాయం మానాక కండ ఉబ్బే కెలాయిడ్ ఉందా, పిల్లకు గుండె కవాటాల జబ్బు ఉందా, మధుమేహం ఉందా, రక్తం గడ్డకట్టని సమస్య ఉందా అని కూడా అడుగుతాం. వీటిలో ఏదున్నా డాక్టరు చూసి సరేనన్నాకే కుట్టాలి.

తర్వాత చేతులు సబ్బుతో కడుక్కుని కొత్త గ్లవ్స్ వేసుకుంటాం. చర్మాన్ని పోవిడోన్ అయోడిన్‌తో శుభ్రం చేసి ఆరనిస్తాం. రెండు చెవులపైనా గుర్తు పెట్టి తల్లికి చూపిస్తాం. సూది సీలును తల్లి కళ్ళ ముందే విప్పుతాం. ఇది మాకు అన్నిటికంటే ముఖ్యమైన నియమం. బయట ఎక్కడ కుట్టించినా ప్రతి తల్లీ ధైర్యంగా అడగాలి: "సీలు నా ముందే విప్పండి." అలా అడగడంలో తప్పు లేదు, సిగ్గు అంతకంటే లేదు. వాడిన సూదిని 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం, సూది గుచ్చుకుని బయటికి రాని తెల్లటి డబ్బాలో వేస్తాం.

ఇంటికెళ్ళాక

కుట్టడం ఒక్క నిమిషం పని, చూసుకోవడం నెలల పని. రోజుకు రెండుసార్లు, ముందు చేతులు సబ్బుతో కడుక్కుని, సెలైన్‌తో తడిపిన శుభ్రమైన దూదితో ముందూ వెనకా తుడవాలి. మెడికల్ షాపు సెలైన్ లేకపోతే, మరిగించి చల్లార్చిన ఒక కప్పు నీళ్ళలో పావు టీస్పూను ఉప్పు కలిపితే సరిపోతుంది. ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి. పసుపు, కొబ్బరినూనె, సున్నం, బూడిద పెట్టవద్దు. డెట్టాల్, స్పిరిట్ రోజూ రాస్తే కొత్తగా వచ్చే చర్మం కాలిపోతుంది. రంధ్రం పూడకుండా చీపురుపుల్ల, వేపపుల్ల గుచ్చే అలవాటు ఇంకా కొన్ని ఇళ్ళల్లో ఉంది. చెత్తలో తిరిగిన పుల్లను పచ్చి పుండులో పెట్టడమే అది. వెనక మర బిగించి వదిలేయకండి, వాపుకు చోటుండాలి. కమ్మను ఊరికే తిప్పుతూ ఉండకండి. తమ్మె 6 నుంచి 8 వారాలు, ముక్కు కొన్ని నెలలు, చెవి పైభాగం 6 నెలల నుంచి ఏడాది దాకా తీసుకుంటాయి. అంతవరకు తొలి కమ్మ మార్చవద్దు.

మన అక్కచెల్లెళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్నలు రెండు ఉన్నాయి. మొదటిది వుజూ. శుభ్రమైన నీరు తగిలినంత మాత్రాన గాయానికి హాని లేదు. తొట్టిలో నిలవున్న నీటి కంటే కుళాయి నీరు మంచిది. ముందు చేతులు సబ్బుతో కడగండి. ముక్కులోకి నీరు మెల్లగా తీసుకోండి, తర్వాత శుభ్రమైన టిష్యూతో అద్ది ఆరబెట్టండి. సజ్దాలో కొత్త ముక్కుపుడక జానమాజ్‌కు ఒత్తుకోకుండా ఉతికిన మెత్తటి రుమాలు పరచుకోండి. చీము పట్టి డాక్టరు నీళ్ళు తగలకూడదంటే ఏం చేయాలో మీ ఇమామ్ గారిని అడగండి. రెండోది హిజాబ్. బిగుతుగా కట్టిన సింథటిక్ స్కార్ఫ్ చెవిని రోజంతా రాపిడి పెడుతుంది, చెమట పట్టిస్తుంది. మానే దాకా మెత్తటి నూలు గుడ్డ, కొంచెం వదులుగా, ఏ రోజుకారోజు ఉతికినది వాడండి.

మొదటి రోజుల్లో కొద్దిపాటి ఎరుపు, నొప్పి, నీళ్ళలాంటి రసి వచ్చి పక్కు కట్టడం మామూలే. ఎరుపు పాకుతున్నా, పసుపు లేదా ఆకుపచ్చ చీము వస్తున్నా, జ్వరం వచ్చినా ఆగవద్దు. ముఖ్యంగా చెవి పైభాగమంతా ఎర్రగా వేడిగా ఉబ్బి తమ్మె మాత్రం మామూలుగా ఉంటే, అది మృదులాస్థికి పట్టిన ఇన్‌ఫెక్షన్ కావచ్చు. ఆ రోజే చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే అమాక్సిసిల్లిన్ సూడోమోనాస్ మీద పనిచేయదు. ఇంట్లో కమ్మ లాగేయకండి, రంధ్రం మూసుకుని చీము లోపలే చిక్కుకోవచ్చు. తీయాలా వద్దా అన్నది డాక్టరు చెబుతారు.

దాతలకు మా విన్నపం

ఈ పనికి పెద్ద భవనాలు అక్కర్లేదు. సీలు ఉన్న ఒక సూది వెల కప్పు టీ కంటే తక్కువ. గ్లవ్స్, దూది, సెలైన్ కలిపినా ఒక పిల్లకు అయ్యే ఖర్చు స్వల్పమే. అసలు ఖర్చు చిన్న ఆటోక్లేవ్‌ది, శిక్షణ పొందిన నర్సు జీతానిది. పేద పిల్లకు నికెల్ లేని జత కమ్మలు ఇవ్వడం మూడోది. సాధారణ సదఖా, విరాళాలతోనే ఈ పని నడపాలని మా ప్రతిపాదన. జకాత్ సొమ్ము వాడే విషయం ఉలమాలను అడగకుండా నిర్ణయించబోము.

ఈద్ నమాజు తర్వాత ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం స్త్రీల దగ్గరికి వెళ్ళి దానం చేయమని బోధించినప్పుడు, వాళ్ళు తమ చెవిపోగులు, ఉంగరాలు తీసి బిలాల్ రజియల్లాహు అన్హు పరచిన వస్త్రంలో వేశారన్న సంగతి మీరంతా విన్నదే. చెవిపోగుకు, దానానికి మన చరిత్రలో అంత పాత బంధం ఉంది. మీ ఇంట్లో పాప చెవులు కుట్టించే రోజున, ఇంకో ఇంటి పాపకు సీలు విప్పని సూదినీ, మంచి కమ్మనూ మీ తరఫున అందించండి. తమ్ముడి కోసం మీరు చేసినదే అక్క కోసం కూడా చేయమని అడుగుతున్నాం.