వసంతానికి ముందు పెరటి కొలను

చలికాలంలో పెరటి కొలనులో తామర ఆకులు ఎండిపోతాయి. దుంప మాత్రం బురదలో బతికే ఉంటుంది. తెలుగు ప్రాంతాల్లో ఎండలు ముదరకముందు, ఫిబ్రవరి నెలలో, కొలనును బాగుచేయడం మంచిది.

మొదటి పని, రాలిన ఆకులనూ కుళ్లిన తూళ్లనూ తీసివేయడం. అవి కుళ్లేకొద్దీ నీటిలో ఆక్సిజన్ తగ్గి, చేపలకు ఊపిరాడదు. అడుగు బురదను కొంతే తోడాలి. నీటిని శుభ్రపరిచే సూక్ష్మజీవులు అందులోనే ఉంటాయి. నీటిని కూడా ఒకేసారి మార్చకుండా, మూడో వంతు మారిస్తే చాలు. కుళాయి నీటిలోని క్లోరిన్ చేపలకు హాని చేస్తుంది. అందుకని ఆ నీటిని ఒక రోజు వెడల్పు తొట్టిలో ఎండకు ఉంచి పోయాలి.

తర్వాత తామర దుంపలను రెండు మూడు కణుపుల ముక్కలుగా విడదీయాలి. మొలక కొన విరిగితే దుంప చెడిపోవచ్చు. అడుగున రంధ్రం లేని కుండీలో బంకమన్ను నింపి, దుంపను అడ్డంగా నాటాలి. మన్నుపైన మొదట మూడు నాలుగు అంగుళాల నీరు చాలు. ఆకులు ఎదిగేకొద్దీ నీటిమట్టం పెంచాలి. ఆకులు నిలదొక్కుకునేదాకా ఎరువు వేయకూడదు. ముందే వేస్తే లేత వేళ్లు మాడతాయి, నీటిలో నాచు పెరుగుతుంది. రోజుకు ఆరు గంటలైనా ఎండ తగలకపోతే తామర సరిగా పూయదు.

ఆకులు నీటిపై సగానికి పైగా పరుచుకుంటే నాచు అదుపులో ఉంటుంది. వేసవిలో దోమ గుడ్డు పెద్ద దోమ కావడానికి వారం పది రోజులు చాలు. గప్పీ చేపలు దోమ లార్వాలను తినేస్తాయి. అయితే అవి ఈ నేలవి కావు. స్థానిక చేపల మేలు కోరి, వాటిని ఊరి చెరువుల్లో, కాలువల్లో వదలకూడదు.