ఎండ ఇంట్లోకి ఎటునుంచి వస్తుంది?
(వేసవి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఏ. బకాయిల మీద మాట్లాడమంటే గంటసేపైనా మాట్లాడతాను. ఇల్లు చల్లగా ఉంచుకోవడం మీద మాట్లాడమన్నారు. నేను ఇంజనీరును కాను, గుమాస్తాను. అయితే ఈ విషయంలో దెబ్బ తిన్నవాణ్ణి కాబట్టి ఒప్పుకున్నాను.

2015 మే నెల మీకు గుర్తుండే ఉంటుంది. ఆ వేసవిలో మన రాష్ట్రంలో వడదెబ్బకు వెయ్యి మందికి పైగా పోయారని ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. అప్పుడు మేము ధర్మవరంలో ఉంటున్నాము. ఒకనాటి రాత్రి పదకొండు గంటలకు మా ఇంటావిడ మంచం మీద పడుకున్నది పడుకున్నట్టే పొంతన లేని మాటలు మాట్లాడసాగింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది. ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాము. డాక్టరు "ఎండలో తిరిగిందా?" అన్నాడు. ఆ వారం ఆమె గడప దాటలేదు. "అయితే మీ ఇల్లే ఎండ" అన్నాడాయన. దేవుడి దయవల్ల మూడో రోజుకు కోలుకుంది. ఆ మాట మాత్రం నన్ను వదలలేదు.

ఇంటికి వచ్చాక ఒక థర్మామీటరు కొని పడకగదిలో తగిలించి, పాత అలవాటు కొద్దీ రిజిస్టరు పెట్టాను. రాత్రి పది గంటలకు బయట 31 డిగ్రీలు, లోపల 36. మా గది పడమటి దిక్కున ఉంది, పైన సిమెంటు స్లాబు. ఆ స్లాబు పగలంతా తాగిన ఎండను రాత్రంతా మన మీద కక్కుతుంది. ఫ్యాను ఆ వేడి గాలినే కిందికి తోస్తుంది.

నేను హిందూపురం దగ్గరి పల్లెలో మట్టి మిద్దెలో పుట్టాను. మూరెడు మందం గోడలు, పైన దూలాలు, కంప, మందంగా మట్టి, దానిమీద చౌడు. వెలుతురుకు, వేడి గాలి పైకి పోవడానికి గవాచి. ఆ మట్టిలోంచి ఎండ లోపలికి దిగేసరికి పొద్దు వాలిపోయేది, అప్పటికి మేము ఆరుబయట మంచాలు వేసుకునేవాళ్ళం. పెనుకొండలో ఉద్యోగం చేసిన రోజుల్లో గగన్ మహల్ చూడబోయినప్పుడు కూడా ఇదే గమనించాను. గోడ మందంగా ఉంటే ఎండకు తొందర ఉండదు. ధర్మవరం మగ్గాల ఇళ్ళల్లోనూ గుంట మగ్గంలో కాళ్ళు పెట్టి కూర్చున్నవాడికి నేల చలువ తగులుతుంది, నడినెత్తిన రేకు ఉంటే మాత్రం ఆ సుఖం సగమే.

ఇంకో లెక్క. హిందూపురం సముద్రమట్టానికి సుమారు 620 మీటర్ల ఎత్తు, ధర్మవరం 345 మీటర్లు. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందంటారు. ఆ లెక్కన ఈ రెండూళ్ళకూ దాదాపు రెండు డిగ్రీల తేడా. హిందూపురంలో ఫ్యానుతో సరిపెట్టుకున్నవాడు ధర్మవరంలో సరిపెట్టుకోలేడు. నేను చేసిన పొరపాటు అదే.

మరి ఏం చేశాను? మొదట మిద్దె. గట్టి సున్నం రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కొంచెం ఫెవికాల్ కలిపి, ఊడ్చి తడిపిన స్లాబు మీద సాయంత్రం పూట రెండు పూతలు వేయించాను. తెల్లని కప్పు ఎండను తిప్పికొడుతుంది. ఇలాంటి కప్పులతో లోపల రెండు నుంచి ఐదు డిగ్రీల దాకా తగ్గుతుందని చెబుతారు. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం ఒక విధానమే ప్రకటించింది. మా రిజిస్టరులో రాత్రి పది గంటల 36 కాస్తా 33 అయింది. ఏటేటా మళ్ళీ పూయాలి, వాన కడిగేస్తుంది.

తరువాత పడమటి కిటికీ. లోపల కర్టెను కడితే లాభం తక్కువ, అద్దం దాటిన ఎండ వచ్చేసినట్టే. బయట వెదురు తడిక కట్టాలి. కానుగ చెట్టు ఉంటే అంతకంటే ఏం కావాలి! పొద్దున ఎనిమిదికల్లా కిటికీలు మూసి, రాత్రి బయట చల్లబడ్డాక తెరవాలి. మనవాళ్ళు గాలి కోసమని మిట్టమధ్యాహ్నం తెరిచిపెడతారు, వడగాలిని పిలిచి కూర్చోబెట్టినట్టే.

మనది పొడి గాలి కనుక కూలరు బాగా పనిచేస్తుంది, కోస్తావాళ్ళకు ఆ అదృష్టం లేదు. కానీ ఎదుటి కిటికీ తెరిచి ఉంచాలి, లేకపోతే గది ఆవిరి కుడుము పాత్ర అవుతుంది.

ఏ.సి. వద్దని నేను అనను. మా ఇంటావిడ కోసం నేనూ పెట్టించాను. 2020 నుంచి కొత్త ఏ.సి.లు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవుతాయి. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు సుమారు ఆరు శాతం ఆదా. మేము 27లో పెట్టి, ఫ్యాను నెమ్మదిగా తిప్పుకుంటాము. కప్పుకు సున్నం లేకుండా ఏ.సి. పెడితే పెన్షను స్లాబుకు ధారపోసినట్టే.

కరెంటు పోయిన రాత్రి? మన వయసులో దాహం సరిగా తెలియదు. బి.పి.కి నీళ్ళ మాత్రలు వేసుకునేవాళ్ళు వేసవి రాకముందే డాక్టరును అడిగి ఉంచుకోండి. గదిలో 40 దాటితే ఫ్యాను మేలు చేయదు, తడిగుడ్డతో ఒళ్ళు తుడవాలి. మాట తడబడితే తెల్లవారేదాకా ఆగకండి, 108కి ఫోను చేయండి.

సున్నం కంట్లో పడితే ప్రమాదం. దయచేసి మీరెవరూ మిద్దె ఎక్కవద్దు. మా ఇంట్లో మనవడు ఎక్కి పూస్తాడు, నేను కింద కుర్చీ వేసుకుని "ఆ మూల వదిలేశావురా" అంటుంటాను.