నల్లేరు పచ్చడి
(పాఠశాల వార్షికోత్సవమున తలిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగము)



ఇట్టి సభలో ప్రధానోపాధ్యాయుడు మార్కులను గూర్చియు క్రమశిక్షణను గూర్చియు మాటాడుట వాడుక. నేడు నేను నల్లేరు పచ్చడిని గూర్చి మాటాడదలచితిని. వంట విషయమున నాకు నోరు విప్పు నధికారము లేదని మా యింటివారి యభిప్రాయము. ఐనను ఇది బడికి సంబంధించిన విషయమే.

ఈ యేడు ఎనిమిదవ తరగతి పాఠములో "నల్లేరుపై బండి నడక" అను జాతీయము వచ్చినది. సులభముగా సాగు పని యని పిల్లలందరును అర్థము చెప్పిరి. నల్లేరనగా నేమని యడిగితిని. ఒక్కరును పలుకలేదు. "పిరండై" అనగానే తరగతి యంతయు చేతులెత్తినది! ఆ తీగ మన బడి వెనుకటి కంచెపైననే యున్నది. ఒక బాలుడు పొరుగింటి పిరండై తువయల్ రుచిని కూడ వర్ణించినాడు. తమిళనాట నివసించు మన బిడ్డలకు తమిళపు పేరు తెలిసినందులకు నాకు సంతోషమే. 2006వ సంవత్సరపు చట్టము లేకున్నను వారు తమిళము నేర్వవలసినదే. కాని యవ్వ నల్లేరని చెప్పినపుడు మనుమడు తెల్లబోయినచో, ఆమె యెరిగినది వానికి చేరు దారి యేది? నల్లేరు విషయమున చేరవలసినది కొంచెము గాదు. తెలియక తిన్నచో నోరు, గొంతు దురద పెట్టును.

నల్లేరు ద్రాక్ష కుటుంబమునకు చెందిన తీగ. కాడ నాలుగు పలకలుగా నుండి, కణుపు కణుపునకు సన్నగిలి, గొలుసువలె సాగును. త్రుంచినపుడు తెల్లని పాలు కారినచో నది నల్లేరు కాదు, జెముడు జాతిది. దానిని పారవేసి చేతులు కడుగుకొనవలెను. ఆ పాలు కంటికి మిక్కిలి హాని. పిల్లలకు మొదట నేర్పవలసినది ఈ భేదమే.

కాడలో సూదులవంటి కాల్షియం ఆక్సలేటు స్ఫటికము లుండును. దురదకు కారణ మవియే. కనుక చేతులకు నువ్వులనూనె రాచుకొని పనికి దిగవలెను. తీగ కొనలనున్న లేత కణుపులే కోయుడు. ముదురు కాడ యెంత వేయించినను పీచే. కణుపులు తీసివేసి, నాలుగంచుల నారను ఒలిచి, అంగుళపు ముక్కలుగా తరిగినచో దోసెడు కావలెను. 3 చెంచాల నువ్వులనూనెలో సన్నని సెగపై, పచ్చదనము పోయి ముడుచుకొనువరకు వేయింపుడు. ఇచ్చట తొందర పనికిరాదు. పచ్చడి చెడుట యెల్ల నిచ్చటనే. వేరుగ 2 చెంచాల మినపపప్పు, 6 ఎండుమిరపకాయలు, చిటికెడు మెంతులు, కొంచెము ఇంగువ వేయించి, నిమ్మకాయంత చింతపండు, ఉప్పు చేర్చి నూరవలెను. చింతపండు తగ్గింపకుడు. పులుపు దురదను చాలవరకు అణచును. కొందరు కొబ్బరి చేర్తురు. మా యింట వేయించిన నువ్వులు. పిదప ఆవాల పోపు. వేడి యన్నములో, పైన నూనె చుక్కతో, ఒక ముద్దకు ఉసిరికాయంత పచ్చడి చాలును.

సంస్కృతమున దీనిని వజ్రవల్లి యనియు అస్థిసంహారి యనియు నందురు. విరిగిన యెముకలకు కట్టు మందుగా దీనిని వాడుట నాటువైద్యమున చిరకాలపు వాడుక. ఆకలి పుట్టించునని పెద్దలు మెచ్చుకొందురు. ఐనను చేయి విరిగిన బాలుని ముందు ఆసుపత్రికి గొనిపోవలెను. పచ్చడి యటు పిమ్మట. మూత్రపిండములలో రాళ్లున్నవారు వైద్యు నడుగక దీనిని తినరాదు.

ఇంట చూపువారు లేని పిల్లలు వచ్చు శనివారము ఉదయము బడి కంచె యొద్దకు వచ్చిన నేను చూపింతును. తల్లులు వచ్చిన మరియు మేలు, నా యొలుపు వారికి నవ్వు పుట్టింపవచ్చును. కత్తిపీట బడిలో నున్నది. చేతులకు రాచుకొనుటకు కొంచెము నువ్వులనూనె మాత్రము తెచ్చుకొనుడు.