మెదడు కణజాలంలో జబ్బు ఆనవాళ్లు

మెదడు జబ్బులను స్కాన్ కొంతవరకే చూపుతుంది. కణాల్లో జరిగిన నష్టం పూర్తిగా తెలియాలంటే కణజాలాన్నే మైక్రోస్కోపు కింద చూడాలి. 1906లో జర్మన్ వైద్యుడు అలోయిస్ ఆల్జైమర్ చేసింది అదే. మతిమరుపు, అనుమానాలతో ఏళ్లపాటు బాధపడి మరణించిన ఒక మహిళ మెదడును ఆయన పరిశీలించాడు. పలుచని పొరలుగా కోసి, వెండి లవణాలతో రంగు పట్టించాడు. కణాల మధ్య పేరుకున్న ముద్దలు కనిపించాయి. కణాల లోపల చిక్కుపడిన పోగులు కనిపించాయి. ఆ జబ్బుకు ఆయన పేరే వచ్చింది.

పార్కిన్సన్స్ జబ్బులో డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు నశిస్తాయి. అదీ కణజాలంలో కనిపిస్తుంది.

స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు దగ్గరే కష్టం. అక్కడ అంత స్పష్టమైన గుర్తు దొరకదు. అందుకే కణాల్లో ఏ జన్యువు ఎంత చురుగ్గా ఉందో కొలుస్తారు. ఆ కొలతకు పోలిక కావాలి. అంటే, జబ్బు లేనివారి మెదడూ కావాలి. చాలామందికి తెలియని సంగతి ఇది: ఆరోగ్యవంతుల మెదడు దానమూ అంతే విలువైనది.

ఇలా దానంగా వచ్చిన మెదళ్లను భద్రపరిచేందుకు బెంగళూరులోని మానసిక ఆరోగ్య, నాడీ శాస్త్రాల జాతీయ సంస్థ నిమ్హాన్స్‌లో 1995 నుంచి మెదడు బ్యాంకు నడుస్తోంది. మరణానంతరం, కుటుంబం అనుమతితో, వీలైనంత త్వరగా మెదడును సేకరిస్తారు. కొంత ఫార్మలిన్‌లో ఉంచుతారు, కొంత గడ్డకట్టిస్తారు. దాత వైద్య చరిత్ర కూడా తోడైతేనే ఆ కణజాలం పరిశోధనకు పూర్తిగా అక్కరకొస్తుంది.